నలభై అక్షరాల గడి

మతోసిన్యోస్ రేవులో మా సార్డీన్ల ఫ్యాక్టరీ.
ఉప్పు తిన్న గోడలు, నూనె తాగిన నేల.
నేను లెక్కల గుమాస్తాని, పేరు అమాదెవు.

సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి
చిట్టా ఆవర్జాలన్నీ మూసి
కొత్త సిస్టం తెరిచాం.
తొమ్మిది గంటలు
ఒక్క డబ్బా గేటు దాటలేదు.
చేప వచ్చింది, మంచు కరిగింది,
తెచ్చినవాడికి నంబరు లేదంది తెర.
సరంగు గుమ్మంలోనే నిలబడి అన్నాడు:
"నంబరు నా పడవ మీద రాసుంది,
కళ్లుంటే చదువుకోమను."

గిడ్డంగి దియోలిందాది.
ముప్పై ఒక్క ఏళ్లుగా
నీలం అట్ట నోటుబుక్కులో
జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క,
నడిమి గీత మీద
ఎవరికీ అర్థం కాని గుర్తులు.
తెర మీద ఆలివ్ నూనె నిల్వ
మైనస్ నలభై డ్రమ్ములు.
ఆమె లోపలికెళ్లి
ఒక డ్రమ్ముని అరచేత్తో తట్టి వచ్చింది.
"లేనిదాని కంటే నలభై తక్కువట.
మరి ఈ పూట చేపలు వేగింది దేంట్లో?"

నవ్వాం. తర్వాత నవ్వలేదు.
ఎందుకంటే తెర మెల్లగా
నిజాలు చెప్పడం నేర్చుకుంది.
టొమాటో గుజ్జుని మూడు పేర్లతో
మూడు సార్లు కొంటున్నామని,
పోర్తోలో ఒక దుకాణం
రెండేళ్లుగా బాకీ తీర్చలేదని,
మా తాతల నాటి ఎర్ర డబ్బా,
మిరపకాయ బొమ్మది,
దేన్ని చూపించి ఊళ్లో పరువు చెప్పుకుంటామో
అది అమ్మినప్పుడల్లా
పదకొండు సెంట్లు మేమే ఎదురిచ్చి పంపుతున్నామని.
యజమాని వల్దెమార్
ఆ వరుసని రెండుసార్లు చదివాడు.
కళ్లజోడు తీసి, తుడిచి, మూడోసారి.
పదకొండు సెంట్లు. తప్పు కళ్లజోడుది కాదు.

ఏడాది తిరిగేసరికి
యాభై రెండు రోజుల నిల్వ ముప్పై ఒకటికి దిగింది.
బ్యాంకు మేనేజరు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.
మీటింగులో గ్రాఫు గుట్టెక్కింది.
ఆ గుట్ట కింద
గురువారం మధ్యాహ్నం షిఫ్టు ఉండేది.
ఫెలిస్మినా, గ్రసియెత్, ఇంకో నలుగురు.
ఖాళీ గంటలని
తెర వాళ్లని ఎర్ర రంగులో చూపించింది.
ఖాళీ కాదు,
పడవ కోసం ఎదురుచూసే గంటలవి.
ఆ తేడా రాయడానికి గడి లేదు.
నేనూ నోరు విప్పలేదు.
నెలాఖరు, లెక్కలు ముగించాలి.

అక్టోబరులో ఒకసారి
సిస్టం తనంతట తానే ఆర్డరు పెట్టింది:
బుధవారానికి ఆరు టన్నుల చేప.
సముద్రానికి ఆ ఆర్డరు అందలేదు.
డబ్బాలు వచ్చాయి, మూతలు వచ్చాయి,
లారీ వచ్చి హారన్ కొట్టి కొట్టి ఊరుకుంది.
ఆ సాయంత్రం దియోలిందా
నీలం నోటుబుక్కు నా బల్ల మీద పెట్టి
నడిమి గీత గుర్తులు విప్పింది.
ఒక సున్నా: వాయవ్యపు గాలి.
రెండు సున్నాలు: మూడో రోజు దాకా పడవలు రావు.
కొంకి: సరంగు ఇంట పెళ్లి, వచ్చినా తాగి వస్తారు.
ముప్పై ఒక్క ఏళ్ల గాలి,
పేజీ తర్వాత పేజీ.

లిస్బన్ నుంచి వచ్చిన ఇయోలాందా
చాలాసేపు చూసింది.
కొనుగోలు పేజీలో మూల ఒక గడి తెరిచింది.
"రిమార్కులు. నలభై అక్షరాలు.
అంతకంటే పట్టదు."
దియోలిందా ఒంటి వేలితో కొట్టింది:
గాలి మారింది. శుక్రవారం దాకా కొనకండి.
ఇంకా చోటు మిగిలింది.

గురువారం షిఫ్టు మాత్రం తిరిగి రాలేదు.

మొన్న డిసెంబరు లెక్కింపులో
తెరకీ అరలకీ తేడా ఒక్క డబ్బా.
రెండు లక్షల్లో ఒక్కటి.
వెతికాం. రాత్రి పది దాటింది.
దియోలిందా చేతులు తుడుచుకుంటూ అంది:
"ఆ మొదటి సోమవారం
తొమ్మిది గంటలు కూర్చున్నాం చూడు,
ఆకలేసి తిన్నాను. ఎర్ర డబ్బా."
కారణాల జాబితా కిందికి లాగాను.
సొట్ట, తుప్పు, దొంగతనం, నమూనా.
నమూనా అని నొక్కాను.
రుచి ఎలా ఉందని తెర అడగలేదు.
నేనే అడిగాను.
"కారం కాస్త ఎక్కువైంది," అంది.